కార్బ్స్ తగ్గిస్తే ట్రైగ్లిజరైడ్లు దిగాయి, ఎల్‌డీఎల్ ఎక్కింది. ఏం చేయాలి?

వేకువ_నడక: కార్బ్స్ బాగా తగ్గించాక ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో తిరిగే కొవ్వు) 240 నుంచి 95కి వచ్చాయి, నడుము కూడా తగ్గింది. ఎల్‌డీఎల్, అదే చెడు కొలెస్ట్రాల్, మాత్రం 121 నుంచి 198కి పోయింది. డాక్టర్‌గారు స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర) మొదలుపెట్టమంటున్నారు. మా నాన్నగారికి 50 దాటకముందే గుండెపోటు వచ్చింది, అందుకే టెన్షన్. ఈ తిండి మానేయాలా, మార్చుకుంటే చాలా? రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తున్నాయి, అదీ దీనివల్లేనా?

వెన్నముద్ద: అస్సలు మానకండి. నాకు ఎల్‌డీఎల్ 230. మందుల్లేవు, గుండె రక్తనాళాల స్కాన్‌లో కాల్షియం స్కోరు సున్నా. అసలు రిపోర్టులో వేసే ఎల్‌డీఎల్ కొలిచింది కాదండీ, లెక్కకట్టింది. దాన్ని చూపించి అందర్నీ హడలగొడుతున్నారు.

ల్యాబ్_రాజు: నా ఉద్యోగమే ల్యాబ్‌లో కాబట్టి చెబుతున్నాను. చాలాచోట్ల లెక్కకట్టే వేస్తారు, నిజమే. మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్‌నీ (మంచి కొలెస్ట్రాల్), ట్రైగ్లిజరైడ్లలో ఐదో వంతునీ తీసేస్తారు. 1972 నాటి ఫ్రీడ్‌వాల్డ్ సూత్రం అది. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే పనికిరాదు. ఈయనకి ఉన్నది 95. కాస్త అటూ ఇటూ అవుతుందేమో గానీ 198 కాస్తా 120 అయిపోదు. అనుమానం ఉంటే అపోబీ అనే ప్రోటీన్ పరీక్ష చేయించండి. కొలెస్ట్రాల్‌ని మోస్తూ రక్తనాళం గోడలోకి దూరే కణాలు ఒక్కోదానికి ఒక్కో అపోబీ ఉంటుంది, తలలు లెక్కపెట్టినట్టే.

వెన్నముద్ద: పెద్ద కణాలు ఏమీ చేయవు. చిన్నవే ప్రమాదం. కార్బ్స్ మానేసినవాళ్లకి పెద్దవే ఎక్కువుంటాయి. సూది గుచ్చేవాళ్లు కూడా గుండె గురించి పాఠాలు చెప్తే ఎలా?

ల్యాబ్_రాజు: నా ఉద్యోగం జోలికి రావద్దు. పుట్టుకతోనే ఎల్‌డీఎల్ ఎక్కువుండే కుటుంబాలున్నాయి. వాళ్లలో చాలామందికి కణాలు పెద్దవే. అయినా మందు వాడకపోతే చిన్న వయసులోనే గుండెపోట్లు వస్తాయి. ఇక మీ సున్నా స్కోరంటారా, గట్టిపడిన పూడిక లేదని మాత్రమే. మెత్తటి పూడిక ఆ స్కాన్‌లో లెక్కకి రాదు.

శారద_67: మీ గొడవ మీదే గానీ, బీపీ మాత్రలు వేసుకునేవాళ్ల మాటేమిటి? కార్బ్స్ మానేసిన కొత్తల్లో ఒంట్లో ఉప్పూ నీరూ పోతాయి. మా ఆయన పాత మోతాదే వేసుకుంటూ పోయారు. ఓ పొద్దున పళ్లు తోముకుంటూ వాష్‌బేసిన్ పట్టుకుని అలాగే కిందికి జారిపోయారు. నురగ మూతికి ఉండగానే నేల మీద కూర్చోబెట్టి చూస్తే బీపీ 88/56. ఆ రోజే డాక్టరు మాత్ర సగం చేశారు. ఇంకోటి, పేరు చివర ‘గ్లిఫ్లోజిన్’ ఉండే షుగర్ మాత్రలు వేసుకుంటూ మీ అంతట మీరు కార్బ్స్ మానేయకండి. షుగర్ పెద్దగా పెరగకుండానే రక్తంలో ఆమ్లం పేరుకుని ఆసుపత్రి పాలవ్వచ్చు.

గింజలప్రియ: కార్బ్స్ తీసేసిన చోట ఏం పెట్టారో ఒక్కరూ అడగరేం? నేను వెన్న, చీజ్, కొబ్బరినూనె పక్కనపెట్టి ఆలివ్ నూనె, బాదం, చేపలకి మారాను. కార్బ్స్ పెంచకుండానే ఎల్‌డీఎల్ 187 నుంచి 132కి దిగింది. 2018లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్‌లో వచ్చిన అధ్యయనం చూడండి. కార్బ్స్ బదులు మాంసం తిన్నవాళ్లలో మరణాలు ఎక్కువ, పప్పులూ గింజలూ తిన్నవాళ్లలో తక్కువ.

వెన్నముద్ద: ఏం తిన్నారో గుర్తుచేసుకుని నింపిన ఫారాల మీద కట్టిన అధ్యయనం అది. 2017లో ప్యూర్ అనే అధ్యయనం వచ్చింది, 18 దేశాల్లో చేసింది. కార్బ్స్ ఎక్కువ తిన్నవాళ్లే ఎక్కువ పోయారు.

గింజలప్రియ: ప్యూర్‌లోనూ ఫారాలేగా! పైగా కార్బ్స్‌కీ గుండెజబ్బుకీ అందులో ముడి పడలేదు. సగం చదివి వాదించకండి, ఇక్కడ ఒకాయన మందు వేసుకోవాలా వద్దా అని అడుగుతున్నారు.

పాతకాపు: నాన్నగారికి 50 లోపే గుండెపోటని ఆయన మొదట్లోనే రాశారు. ఒక్కరూ పట్టించుకోరే? వేకువ_నడక గారూ, లైపోప్రోటీన్ ‘ఎ’ (కొలెస్ట్రాల్ మోసే ఇంకోరకం కణం) పరీక్ష చేయించండి. అది వంశంలో వచ్చేది, తిండితో పెద్దగా మారదు, చాలామందికి జీవితంలో ఒక్కసారి చూస్తే సరిపోతుంది. అది ఎక్కువగా ఉంటే ఎల్‌డీఎల్‌ని ఇంకా కిందికి తేవాలి. వెన్నముద్ద గారి 230 చూసి మీరు ధైర్యం తెచ్చుకోవద్దు. వెన్న ఇవాళే ఆపండి, స్టాటిన్ సంగతి డాక్టర్‌గారితో తేల్చుకోండి.

సన్నజాజి: మా చెల్లి బక్కపల్చగా ఉంటుంది, కార్బ్స్ దాదాపు మానేసే కీటో తిండిలో ఎల్‌డీఎల్ 310 అయింది. సన్నగా ఉన్నవాళ్లకే ఇలా పెరుగుతుందా? రాజు గారూ, మీ ల్యాబ్‌కి ఇలాంటివి వస్తుంటాయా?