‘ఇచ్చునదె విద్య’: ఇచ్చేది ఎవరు, ఎంత?

మేనత్త: మా మేనకోడలు ఈ నెలలో ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకుంటున్నది. కవరులో 1,116 పెట్టాలా, 5,116 పెట్టాలా అన్నది ఇంట్లో ఇంకా తేలలేదు. కవరు మీద సుమతీ శతకంలోని ‘ఇచ్చునదే విద్య’ వ్రాయాలని ఉన్నది గాని, రెండవ పాదం ‘మగతనంబు’ దగ్గర ఆగిపోతున్నది. పద్యం పూరించి, కవరులో ఎంత పెట్టాలో కూడా చెప్పగలరు.

ఛందోభిమాని: అమ్మా, మొదటి పాదంలో ‘ఇచ్చునదె’ అని హ్రస్వమే ఉండాలి, దీర్ఘం పెడితే కంద పద్యంలో ఒక మాత్ర ఎక్కువవుతుంది. రెండవ పాదం ‘జొచ్చునదే మగతనంబు సుకవీశ్వరులున్’. అక్కడ మాత్రం దీర్ఘం తప్పదు. కందంలో ఆరవ గణం నలమో (నాలుగు లఘువులు) జగణమో (లఘువు, గురువు, లఘువు) కావాలి కనుక, ‘దేమగ’ అని సాగితేనే తరువాత ‘తనంబు’ జగణంగా నిలుస్తుంది. దీనిని హ్రస్వంతో చదివేవారిని చూస్తే నాకు చిరాకు.

గోదారిగట్టు: దీర్ఘం మాట సరే, అర్థం చూశారా? దానమివ్వడమే విద్య అని సామాన్యంగా చెప్పుకుంటాము. అది కవరు మీద వ్రాస్తే, చదువు ముగించింది కనుక ఇకమీదట నీవే ఇవ్వాలని ఆ పిల్లకు చెప్పినట్లవుతుంది.

పాలమూరు పాఠకుడు: ఇక్కడ ఇవ్వడమంటే డబ్బు కాదండీ, బోధించడం. అర్థులకు ఎంత ఇచ్చినా పెరిగే ధనం విద్య అని ‘హర్తకుఁ గాదు గోచరము’ పద్యంలో, భర్తృహరి సుభాషితాలను తెలుగు చేసిన ఏనుగు లక్ష్మణకవి చెప్పనే చెప్పాడు.

గోదారిగట్టు: ఆ లక్ష్మణకవే ‘విద్య యశస్సు భోగకరి’ అని కూడా అన్నాడు. కీర్తినీ భోగాన్నీ ఇచ్చేది విద్య అయినప్పుడు, ‘ఇచ్చునది’కి కర్త మనిషి కాదు, విద్యే. మా పెద్దాపురం సీమ కవి మాట మాకు తెలియదా?

పాలమూరు పాఠకుడు: ఆయనకు ముందే, 17వ శతాబ్దిలో, మా జటప్రోలు సంస్థానంలో ఎలకూచి బాలసరస్వతి భర్తృహరిని తెలుగు చేశాడని సవినయంగా మనవి చేస్తున్నాను.

ఛందోభిమాని: సంస్థానాల పోటీ పక్కన పెట్టి ‘ఇచ్చునది’ చివరనున్న ‘-నది’ని చూడండి. ‘రణమునఁ జొచ్చునదే మగతనంబు’ అన్నప్పుడు చొచ్చుకుపోవడమే పౌరుషమని అర్థం. అది క్రియను చెబుతున్నది. ‘సుకవీశ్వరులున్ మెచ్చునదె నేర్పు’ అన్నప్పుడు మెచ్చబడేది నేర్పు. అది కర్మను చెబుతున్నది. ఒకే పద్యంలో ఒకే రూపం రెండు తీరుల నడిచినప్పుడు, ‘ఇచ్చునది’ ఏ వైపు మొగ్గుతుందో ఇంత ధీమాగా ఎలా చెప్పగలరు? వెంటనే వచ్చే ‘చొచ్చునది’ని బట్టి నేను క్రియాపక్షమే పడతాను. గోదారిగట్టు గారి వాదం వినసొంపుగా ఉన్నది గాని, విద్యను కర్తగా పెడితే రెండవ పాదంలో మగతనం ఒక్కటే నడిచి యుద్ధానికి పోవాలి.

మేనత్త: అందరికీ కృతజ్ఞతలు. ఇంతకూ 1,116 చాలునంటారా?

పాలమూరు పాఠకుడు: ఇంజనీరింగ్ పట్టాకు మేనత్త చేతి మీదుగా 5,116 కన్నా తగ్గితే బాగుండదు. చివరి పదహారు మాత్రం మా నిజాం నాణెం పుణ్యమే. నూరు బ్రిటిష్ రూపాయలకు 116 రూపాయల 10 అణాల 8 పైల హాలీ సిక్కా ఇచ్చేవారు కనుక, పూర్తి నూరు ముట్టాలనే మర్యాదతో నూటపదహార్లు పుట్టింది.

గోదారిగట్టు: ఆ లెక్కన 117 ఇస్తే గాని నూరు ముట్టదు. పైగా కుంఫిణీ ఏలుబడిలోని మా గోదావరి జిల్లాలలో హాలీ సిక్కాతో పని ఏమిటి? ఇక్కడ సంభావనకూ, కట్నానికీ, చదివింపులకూ అదే అంకె నడిచింది. రూపాయికి పదహారణాలు, పూజకు షోడశోపచారాలు. పదహారు నిండుతనానికి గుర్తు. అయినా పల్లెలో నాలుగు ఇళ్ళకు కవర్లు పెట్టవలసిన వారికి 1,116 ఏమీ తక్కువ కాదు.

ఛందోభిమాని: ఎంత ఇవ్వాలన్నది ఆమె ఇష్టం. పూర్వకవులు ‘పదునాఱు’ అన్నదానిని మీరిద్దరూ ‘పదహారు’ అని వ్రాస్తున్నారు గదా, ఆ నడిమి హకారం ఎక్కడిదో ముందు చెప్పండి.