గిరణ్‌గావ్ మిల్లు స్థలాల్లో విలాస భవనాలు: తప్పు ఎత్తులో ఉన్నదా, పంపకంలో ఉన్నదా? (మారుపేర్లతో సాగిన చర్చ)

ముప్పై నాలుగో అంతస్తు:
మా తాత కరీంనగర్ జిల్లా నుంచి బొంబాయికి వలస వచ్చి, లోయర్ పరేల్‌లోని ఒక బట్టల మిల్లులో సాంచాలు (మరమగ్గాలు) నడిపిన పద్మశాలి. మరాఠీలో గిరణ్‌గావ్, అంటే మిల్లుల ఊరు, అని పిలిచే ఆ ప్రాంతంలోనే నేను ఇప్పుడు ముప్పై నాలుగో అంతస్తులో అద్దెకు ఉంటున్నాను. మా కిటికీలో ఒక పక్క సముద్రమూ, మరొక పక్క ఏనాడో పొగ ఆగిపోయిన ఒక చిమ్నీ కనిపిస్తాయి. మొన్న ఊళ్లో పెళ్లికి వెళ్లినప్పుడు మా పెదనాన్న, "మీ తాత కూలి పోగొట్టుకున్న జాగాకే నువ్వు కిరాయి కడుతున్నావురా" అన్నారు. నవ్వుతూనే అన్నారు గాని, ఆ మాట నన్ను వదలలేదు.

అయినా నా వాదన ఇది. 1982 జనవరి 18న కార్మిక నాయకుడు దత్తా సామంత్ ఆధ్వర్యంలో సుమారు రెండున్నర లక్షల మంది కార్మికులు మొదలుపెట్టిన సమ్మెను లాంఛనంగా ఎవరూ విరమించనే లేదు. మిల్లులు మాత్రం ఒక్కొక్కటిగా మూతపడ్డాయి, మా తాత భివండీ పవర్‌లూమ్‌లకు వెళ్లిపోయాడు. ఈ భవనాలు వచ్చింది ఆ తరువాత. చచ్చిన మిల్లు మీద కట్టిన ఇంట్లో ఉండటాన్ని తప్పు పట్టడం న్యాయమేనా?

వర్లీ ఆడపడుచు:
నేను వర్లీలోని బీడీడీ (బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్) చాల్‌లో, అంటే వరుస గదుల భవనంలో, పుట్టి పెరిగాను. 1920లలో ప్రభుత్వం కట్టిన ఆ చాళ్లలో ఒక్కో గది నూట అరవై చదరపు అడుగులు; ఆ గదిలోనే వంట, పడక, బిడ్డల చదువు. వరండా చివర అందరికీ కలిపి మరుగుదొడ్లు. రాత్రి పూట అక్కడికి వెళ్లవలసి వస్తే అమ్మను లేపేదాన్ని, అమ్మ పక్కింటి అత్తను లేపేది. కాబట్టి, "పాత గిరణ్‌గావ్‌లో ఎంత ఆత్మీయత ఉండేదో" అని వ్యాసాలు రాసేవారిని ఆ వరండాలో ఒక్క వర్షాకాలం గడపమని కోరుతున్నాను. 2025 ఆగస్టులో వర్లీలో మొదటి విడతగా 556 కుటుంబాలకు అయిదు వందల చదరపు అడుగుల ఫ్లాట్ల తాళాలు ఇచ్చారు. అవి ఉన్నదీ ఎత్తైన భవనాల్లోనే. ఎత్తు మీద నాకు కోపం లేదు.

పట్నం లెక్కలు:
ఆడపడుచు గారి చివరి మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. చర్చ అక్కడి నుంచే మొదలుకావాలి. కోపం ఉండవలసినది ఒక నిబంధన మీద.

ముంబయిలో 58 మిల్లుల కింద సుమారు 600 ఎకరాల నేల ఉండేది. 1991 నాటి అభివృద్ధి నియంత్రణ నిబంధనల్లోని 58వ నిబంధన ప్రకారం, మిల్లు స్థలాన్ని మళ్లీ అభివృద్ధి చేయదలచిన యజమాని స్థూలంగా మూడో వంతును ఉద్యానాలకూ మైదానాలకూ నగరపాలక సంస్థకు, మరొక మూడో వంతును సామాన్యుల ఇళ్ల కోసం మ్హాడా అనే గృహనిర్మాణ సంస్థకు అప్పగించి, మిగిలినది తాను వాడుకోవాలి. 2001లో చేసిన సవరణ ఈ పంపకాన్ని మిల్లు ఆవరణలో అప్పటికే ఖాళీగా ఉన్న నేలకే పరిమితం చేసింది. షెడ్లు పడగొట్టగా ఖాళీ అయ్యే నేల లెక్కలోకి రాదు. మిల్లు ఆవరణ చూసినవారికి ఇందులోని కిటుకు వెంటనే తెలుస్తుంది, ఎందుకంటే అక్కడ గోడ నుంచి గోడ దాకా ఉండేవి షెడ్లే, ఖాళీ నేల పెరడంతే. ఒక పర్యావరణ సంస్థ వేసిన వ్యాజ్యంలో బొంబాయి హైకోర్టు 2005లో ఈ అర్థాన్ని ఒప్పుకోలేదు. 2006 మార్చిలో సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పును కొట్టివేసి సవరణను నిలబెట్టింది. నగరానికి రావలసిన వందల ఎకరాలు ఒక్క పదానికి చెప్పిన అర్థంలో కరిగిపోయాయి.

గుమాస్తా:
లెక్కలు గారు సగమే చెప్పారు. 1991 నిబంధన కింద మూడింట రెండు వంతులు వదులుకోవడానికి యజమానులు ముందుకు రాలేదు గనుక, అత్యధిక మిల్లులు తాళాలతోనే పడి ఉన్నాయి. సున్నాలో మూడో వంతు సున్నాయే కదా! కార్మికుల జీతం బకాయిలు కూడా ఆ తాళాల వెనుకే చిక్కుకున్నాయి. సవరణ తరువాతే నేల అమ్ముడుపోయింది, స్వచ్ఛంద విరమణ సొమ్ము చేతికి వచ్చింది.

పట్నం లెక్కలు:
ప్రైవేటు మిల్లుల విషయంలో గుమాస్తా గారి వాదనకు కొంత బలం ఉన్నదని ఒప్పుకుంటాను. కాని జాతీయ జౌళి సంస్థ చేతిలోని మిల్లుల సంగతి ఏమిటి? వాటికి యజమాని ప్రభుత్వమే. బుజ్జగించవలసిన షేట్, అంటే ప్రైవేటు యజమాని, ఎవరూ లేరు. 2005లో ఆ సంస్థ ముంబయి టెక్స్‌టైల్ మిల్లుకు చెందిన సుమారు 17 ఎకరాలను 702 కోట్ల రూపాయలకు అమ్మింది. 2012లో అదే నేల 2,700 కోట్లకు పైగా ధరకు మళ్లీ చేతులు మారింది. మధ్యలో పెరిగిన రెండు వేల కోట్లలో నగరానికి దక్కిన మైదానం ఎంతో ఎవరైనా కొలిచి చెప్పండి.

నేల ఇవ్వకపోయినా, దారులైనా వేయాలి కదా. మిల్లు కార్మికుల కాలం నాటి ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషన్ ఇరుకు వంతెన మీదనే కొత్త కార్యాలయాల జనమంతా నడిచారు. 2017 సెప్టెంబర్ 29న వానలో జరిగిన తొక్కిసలాటలో 23 మంది చనిపోయారు. స్టేషన్‌కు మరుసటి సంవత్సరం ప్రభాదేవి అని పేరు మార్చారు.

ముప్పై నాలుగో అంతస్తు:
ఆ వంతెన గురించి నేను ఆలోచించలేదు. మా భవనంలో చాలామంది కారులోనే దిగి కారులోనే ఎక్కుతారు. మా గేటు అవతల పాదబాట ఎంత వెడల్పున్నదో నాకే తెలియదు. ఒక సందేహం: మిల్లు కార్మికులకు మ్హాడా ఇళ్లు ఇచ్చినట్టు విన్నాను. అది పంపకం కాదా?

వర్లీ ఆడపడుచు:
ఇచ్చారు, బాబూ. 2012లో తీసిన మొదటి లాటరీలో 6,925 ఇళ్లు. దరఖాస్తులు లక్షకు పైగా. ఇల్లు 225 చదరపు అడుగులు. తరువాత కొందరికి ఊరికి దూరంగా పన్వేల్ దగ్గర ఇచ్చారు. మా మేనమామ పేరు ఇంకా జాబితాలోనే ఉన్నది. ఆయన పోయారు, ఇప్పుడు వారసత్వ ధ్రువపత్రం కోసం మా అత్త కచేరీల చుట్టూ తిరుగుతున్నది. మీ తాతగారి మిల్లు టికెట్ నంబరు గాని, భవిష్యనిధి కాగితం గాని మీ పెదనాన్న దగ్గర ఉన్నదేమో అడిగి చూడండి. మీ కుటుంబంలో ఎవరైనా దరఖాస్తు చేశారా?

ముప్పై నాలుగో అంతస్తు:
ఇప్పుడే ఫోన్ చేశాను. కాగితాలన్నీ రేకు పెట్టెలో ఉండేవని, భివండీలో ఇల్లు మారినప్పుడు ఆ పెట్టెను పాత సామానువాడికి వేశామని చెప్పారు.