అనువాదం పనికి మానిటర్: 34 వెడల్పుదా, 27లోనే మంచిదా? (టేబుల్ 4 అడుగులే)

రాజమండ్రి_అనువాదిని
అందరికీ నమస్కారం. ఇంట్లోనే కూర్చుని ఇంగ్లీషు నుంచి తెలుగుకి అనువాదాలు, ప్రూఫ్‌రీడింగ్ చేస్తాను. ఎడమ పక్క మూలం, కుడి పక్క నా ఫైలు, రెండూ ఎప్పుడూ తెరిచి ఉండాలి. అవసరానికి నెట్‌లో ఆంధ్రభారతి నిఘంటువు. ఇప్పుడున్నది 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీ. పెద్దది కదా అని మూడేళ్ల కిందట కొన్నాను. దాంట్లో ర కింద వత్తుగా వచ్చే థ లోపల చుక్క ఉందో లేదో కనపడి చావదు. పోయిన నెల ఒక ఫైల్లో ‘అర్థం’ అని ఉండాల్సిన చోట ‘అర్ధం’ అని నాలుగుసార్లు పడింది, నాలుగూ నా కంట పడలేదు. పని ఇచ్చినవాళ్లు డబ్బులు కోశారు.

టేబుల్ పొడవు 4 అడుగులు, లోతు 22 అంగుళాలు. లాప్‌టాప్ పాతది. 34 వెడల్పుది కొనమంటారా, 27లోనే మంచిది చూడమంటారా?

వెడల్పు34
34 కొనేయండి మేడమ్, ఇంకేం ఆలోచించకండి. నేను నాలుగేళ్లుగా 3440x1440 చుక్కల (పిక్సెళ్ల) తెర వాడుతున్నాను. A4 కాగితం వెడల్పు 8.27 అంగుళాలు, ఈ తెర వెడల్పు 31.4. అసలు సైజులో మూడు పేజీలు పక్కపక్కన పెట్టినా ఇంకా ఆరంగుళాల పైన మిగులుతుంది. మూలం, అనువాదం, నిఘంటువు. మీ పనికి కొలిచి కుట్టినట్టు ఉంటుంది. రెండు మానిటర్లకి మధ్యలో వచ్చే నల్ల పట్టీ కూడా ఉండదు.

పేజీమేకర్_బెజవాడ
34 అనేది మూల నుంచి మూలకి కొలత. ఈ సంగతి షాపువాడు చెప్పడు. 34 ఎత్తు 13.1 అంగుళాలు, 27 ఎత్తు 13.2. అంటే ఎత్తులో 27 కంటే గోరంత తక్కువే. వైశాల్యం లెక్క వేస్తే 34ది సుమారు 412 చదరపు అంగుళాలు, మామూలు 32ది 437. 34 కంటే 32 పెద్దది. ముందు ఇది బుర్రకెక్కించుకుని తర్వాత మాట్లాడుకుందాం.

నిజాంపేట్_నైట్‌షిఫ్ట్
రెండు 27లు పెట్టేయండి మేడమ్, గొడవ వదిలిపోతుంది.

పేజీమేకర్_బెజవాడ
4 అడుగులంటే 48 అంగుళాలు తమ్ముడూ. ఒక్కో 27 ఫ్రేముతో కలిపి 24 పైనే. రెండూ కలిస్తే చివర్లు టేబుల్ దాటి గాల్లో ఉంటాయి.

నిజాంపేట్_నైట్‌షిఫ్ట్
అన్నా, అర అంగుళానికి కేసు పెడతావా? ఒకటి నిలువుగా తిప్పుకుంటే సరి.

పేజీమేకర్_బెజవాడ
నిలువుగా తిప్పితే విండోస్ క్లియర్‌టైప్ తేడా కొడుతుంది. అది తెర మీది ఒక్కో చుక్కలోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం అడ్డంగా పక్కపక్కన ఉన్నాయనుకుని అక్షరాన్ని నునుపు చేస్తుంది. తెర తిప్పితే అవి ఒకదాని మీద ఒకటి వస్తాయి, అక్షరాల అంచులకి రంగు పులుముకుంటుంది. ఆవిడ అసలు బాధే వత్తులు కనపడట్లేదని.

ట్యాలీ_తాత
నేను ఇప్పటికీ 19 అంగుళాల చదరం లాంటి దాని మీదే, 1280x1024. మీ అందరికంటే ముందే ఇంటికి వెళ్తున్నా.

వెడల్పు34
ఎత్తు ఎత్తు అంటున్నారు. ఎత్తు చాలకపోతే మౌస్ చక్రం తిప్పుకుంటాం. పక్క ఫైలు కనపడకపోతే ఏం తిప్పుతారు? అనువాదం అంటేనే పక్కపక్కన పెట్టుకుని చేసే పని. 32 వెడల్పు 27.9 అంగుళాలే. మూడు పేజీలు పెడితే మూడోదానికి ఊపిరాడదు.

పేజీమేకర్_బెజవాడ
A4 ఎత్తు 11.7 అంగుళాలు. వర్డ్‌లో పైన రిబ్బన్, కింద టాస్క్‌బార్ కలిసి రెండంగుళాల దాకా తినేస్తాయి. 13.1లోంచి తీసేయండి. పేజీ అడుగు భాగం కనపడదు. 32 ఎత్తు 15.7, పేజీ నిండుగా కూర్చుంటుంది. ఇరవై ఏళ్లు పేజీమేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో పేజీలు కట్టినవాణ్ని. పేజీ మొత్తం ఒక్కసారి కళ్ల ముందు లేకపోతే అది చదవడం కాదు, తడుముకోవడం.

కరీంనగర్_కేబుల్
ఆవిడ అడిగింది అక్షరం గురించి, మీరు ఎకరాల గురించి కొట్టుకుంటున్నారు. మేడమ్, మీ 27 ఫుల్ హెచ్‌డీలో అంగుళానికి 82 చుక్కలే (పిక్సెళ్లే) వస్తాయి. థలో చుక్క పూడుకుపోయేది అందుకే. అదే 27లో 2560x1440 అయితే 109. వెడల్పు అన్న చెప్పే 34లో 110, అంటే దాదాపు అదే. 32లో 2560x1440 కొంటే 92కి పడిపోతుంది, 4కే (3840x2160) అయితే 138. 27లో 4కే అయితే 163. దాన్ని 150 శాతం పెద్దది చేసి పెట్టుకుంటే చోటు 2560x1440 అంతే ఉంటుంది గానీ అక్షరం అచ్చేసినట్టు వస్తుంది.

ఒక్క మాట. లాప్‌టాప్ పాతది అన్నారు కాబట్టి మానిటర్ కేబుల్ పెట్టే హెచ్‌డీఎంఐ ఏ వెర్షనో చూసుకోండి. 1.4 అయితే 4కే సెకనుకి 30 ఫ్రేములే ఇస్తుంది. మౌస్ బాణం బురదలో నడిచినట్టు ఉంటుంది. 60 కావాలంటే 2.0 ఉండాలి.

వెడల్పు34
110 ఉందిగా మరి. నేను చెప్పిందీ అదే.

పేజీమేకర్_బెజవాడ
32లో 4కే అనే నేను చెప్పేది. 1440 అని ఎవడన్నాడు?

ఫ్రీమాంట్_బావ
ఇక్కడ మా ఆఫీసులో 40 అంగుళాల 5120x2160 ఇచ్చారు. వెడల్పూ ఉంది, ఎత్తూ ఉంది. మీ ఇద్దరికీ సరిపోతుంది.

నిజాంపేట్_నైట్‌షిఫ్ట్
బావగారూ, ఆవిడ జేబు నుంచి కొంటోంది.

వెడల్పు34
@పేజీమేకర్ అన్నగారూ, ఒక మాట అంటే ఏమనుకోకండి. పేజీమేకర్ కాలం ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు పేజీ కట్టేవాళ్ల కంటే పక్కపక్కన విండోలు పెట్టుకుని పనిచేసేవాళ్లే ఎక్కువ. మీరు ఒక్కసారైనా 34 ముందు కూర్చున్నారా, లేక కాలిక్యులేటర్ ముందే కూర్చున్నారా?

పేజీమేకర్_బెజవాడ
కూర్చున్నా బాబూ. ఎనిమిది నెలలు కూర్చున్నా. ఇప్పుడు చెప్తా విను.

ఒక షాపులో ‘సార్, 32 కంటే 34 పెద్దది, ఇదే తీసుకోండి’ అని వంపు తిరిగినది అంటగట్టారు. నాకు అప్పటికి ఈ లెక్కలు తెలియవు. శుభలేఖ కడుతుంటే చుట్టూ వేసే గీత నాకు వంగినట్టే కనిపించేది. నేను సరిచేసేవాణ్ని. నిజంగా తిన్నగా ఉన్న గీతని వంకర చేసేవాణ్ని అన్నమాట. ఒక పెళ్లివారి కార్డులు ఐదు వందలు ప్రింటై వచ్చాక పెద్దాయన కార్డుని స్కేలు పక్కన పెట్టి చూపించాడు. మళ్లీ నా ఖర్చుతో వేయించాను. షాపువాడు వెనక్కి తీసుకోనన్నాడు. ఇప్పటికీ అది మా ఇంట్లో బీరువా మీద దుప్పటి కప్పుకుని ఉంది. మెడ నొప్పి అదనం. ఎడమ చివర చదివి కుడి చివరకి రావాలంటే తలకాయ మొత్తం తిప్పాలి.

వెడల్పు34
మెడ తిప్పాలా? నేను కళ్లు తిప్పుతానంతే. మీరు ఎంత దూరంలో కూర్చున్నారు?

పేజీమేకర్_బెజవాడ
అందరూ కూర్చునేంత దూరంలోనే.

వెడల్పు34
అంటే ఎంత? నా టేబుల్ లోతు 30 అంగుళాలు, మానిటర్ గోడకి ఆనుకుని ఆర్మ్ మీద ఉంటుంది. కళ్లకీ తెరకీ మధ్య రెండున్నర అడుగులు. టేపు పెట్టి చెప్పండి.

పేజీమేకర్_బెజవాడ
అడుగున్నర. వత్తులు చూసేటప్పుడు ఇంకా ముందుకి వంగుతా. అంత లోపల ఉంటేనే కదా అక్షరం కనపడేది.

కరీంనగర్_కేబుల్
అన్నా, చత్వారమా?

పేజీమేకర్_బెజవాడ
మానిటర్ గురించి అడిగితే నా కళ్ల గురించి మాట్లాడతారేంటయ్యా? 52 ఏళ్లు వచ్చినవాడికి ఉండదా?

వెడల్పు34
అదే కదన్నా! మీ కళ్లజోడు పుస్తకం పట్టుకునే దూరానికి ఇచ్చి ఉంటారు. దాంతో తెర చూడాలంటే ముందుకి రావాల్సిందే. ముందుకొస్తే 31 అంగుళాల వెడల్పు చెవుల దాకా వస్తుంది. తప్పు తెరది కాదు.

పేజీమేకర్_బెజవాడ
తప్పు నాదంటావ్. కళ్లు పోయినవాడు ఏ మానిటర్ కొనాలో చెప్పడానికి పనికిరాడంటావ్. నీకు 33, 34 ఉంటాయేమో. పదిహేనేళ్లు ఆగి ఇదే పోస్టు మళ్లీ చదువుకో.

వెడల్పు34
నేను ఆ మాట అనలేదు అన్నా. మీరు వైశాల్యం అని మొదలుపెట్టారు. మొదటిరోజే ‘నేను దగ్గరగా కూర్చుంటా, నాకు వెడల్పు పడలేదు’ అంటే ఈ రెండు పేజీల గొడవే ఉండేది కాదు.

ట్యాలీ_తాత
నాకు రెండు జోళ్లు. ఒకటి పేపరుకి, ఒకటి కంప్యూటర్‌కి. కంప్యూటర్‌ది అడిగి చేయించుకోవాలి, అడగకపోతే ఇవ్వరు.

రాజమండ్రి_అనువాదిని
రెండు రోజులుగా మీ అందరి పోస్టులూ చదువుతున్నాను. నిన్న పాత న్యూస్ పేపర్లు అతికించి మూడు అట్టలు చేశాను, 27, 32, 34 కొలతలకి కత్తిరించి. టేబుల్ వెనక గోడకి ఒక్కొక్కటీ అంటించి కుర్చీలో కూర్చుని చూశాను. మా అమ్మాయి ఇంటర్ పుస్తకాలు కూడా ఇదే టేబుల్ మీద ఉంటాయి. 34 పెడితే వాటిని మంచం మీదకి తోలేయాలి.

ఇంకో సంగతి. నాకు 46. పైన దూరం, కింద దగ్గర కనపడే ప్రోగ్రెసివ్ జోడు. 32 అట్ట పై వరస చదవాలంటే గడ్డం పైకెత్తాల్సి వస్తోంది, ఎందుకంటే దగ్గరది చూసే భాగం అద్దంలో కింద ఉంది. బెజవాడ అన్నగారు ఎత్తు మంచిదంటున్నారు గానీ నా మెడకి ఎత్తే గండంలా ఉంది. 27 అట్టలో తల కదలలేదు. అసలు సైజులో రెండు A4లు పట్టాయి, ఇంకా ఏడంగుళాలు మిగిలింది. పేజీ అడుగు కొంచెం తెగితే తెగనీ. నిఘంటువు లాప్‌టాప్ తెర మీద పెట్టుకుంటాను.

లాప్‌టాప్ మోడల్ వెతికి చూశాను, హెచ్‌డీఎంఐ 1.4 అట. కాబట్టి 4కే ఆశ వదిలేశాను. 27లో 2560x1440, అదీ తిన్నగా ఉండేది. ముందు మాత్రం సోమవారం కళ్లజోడు షాపుకి. తాతగారూ, తెర దూరం ఎంతని చెప్పాలి?

ట్యాలీ_తాత
నోటితో చెప్పకమ్మా. టేపుతో కొలిచి, కాగితం మీద రాసి తీసుకెళ్లు.

వెడల్పు34
కాస్త వెనక్కి జరిగి కూర్చుంటే 34 కూడా బాగుండేది మేడమ్. సరే, మీ ఇష్టం.

పేజీమేకర్_బెజవాడ
ఆవిడ టేబుల్ లోతు 22 అంగుళాలు. గోడలోకి జరగాలా? 27 కొనండమ్మా, మంచిదే. 34 కంటే 32 పెద్దదన్న మాట మాత్రం అబద్ధం కాదు.

నిజాంపేట్_నైట్‌షిఫ్ట్
అన్నా, ఆ బీరువా మీది 34 అమ్ముతావా?

పేజీమేకర్_బెజవాడ
నీ టేబుల్ లోతెంత?