యూటా ఎడారిలో బండ్లు తిప్పొద్దని ఎందుకంత గొడవ? అక్కడ ఉండేది ఇసుకే కదా

థార్_తిరుపతి:
అందరికీ నమస్తే. మా బావ యూటాలో ఉంటాడు. మోయాబ్ దగ్గర ఆఫ్‌రోడ్ బండి అద్దెకు తీసుకుని ఎర్ర రాళ్ల మీద ఎక్కించిన వీడియోలు పంపిస్తుంటే ఇక్కడ మా గ్యాంగ్‌కి కడుపు మండిపోతోంది. అక్కడ కూడా చాలా దారులు మూసేశారంట, మిగతావీ మూయమని పర్యావరణం వాళ్లు కోర్టుకు పోతున్నారంట. అడవంటే సరే, జంతువులుంటాయి. ఎడారిలో చెడిపోయేదేముంది? పైగా నాయకులు కూర్చుని రాజీ పేరుతో ఇంత నేల బండ్లోళ్లకు, ఇంత కాపాడటానికి అని పంచుతారంట, అదేం లెక్క? పన్లోపని, మేం రంగంపేట వైపు గుట్టల్లో ఒక రైడ్ పెట్టుకోవచ్చా అన్నది కూడా చెప్పండి.

గుట్టమీది_గాలి:
తమ్ముడూ, ఆ ఇసుక మీద నల్లగా, గరుగ్గా ఒక పొర ఉంటుంది. సయనోబాక్టీరియా, నాచు, లైకెన్లు కలిసి కట్టిన పొర, నేల గాలికి లేచిపోకుండా పట్టి ఉంచేది అదే. టైరు ఎక్కితే పొడైపోతుంది, మళ్లీ కట్టుకోవాలంటే దశాబ్దాలు పడుతుంది. కాలిఫోర్నియా వైపున్న మోహావీ ఎడారిలో 1942-44 మధ్య అమెరికా సైన్యానికి జనరల్ ప్యాటన్ మొదలుపెట్టిన శిక్షణ కేంద్రంలో ట్యాంకులు తిరిగిన జాడలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఇక తాబేళ్లు బొరియల్లో ఉంటాయి, పైనుంచి బండి పోయేవాడికి కింద ఏముందో తెలియదు.

కోర్టువీధి_చిత్తూరు:
మట్టి సంగతి సరే, అసలు కిటుకు కాగితాల్లో ఉంది. 1964లో అమెరికాలో వచ్చిన వైల్డర్‌నెస్ చట్టం, అంటే మనిషి చెయ్యి పడని నేలను అట్లాగే ఉంచే చట్టం, కింద ఒక ప్రాంతాన్ని కాపాడాలంటే అక్కడ రోడ్లు ఉండకూడదు. 1866 నాటి గనుల చట్టంలో ఏమో ప్రభుత్వ భూమి మీద ఎవరైనా రోడ్డు వేసుకోవచ్చని ఒక్క వాక్యం ఉండేది. దాన్ని 1976లో రద్దు చేశారు, కానీ అప్పటికే ఉన్న దారుల మీద హక్కు మిగిలింది. ఇంకేముంది, యూటా ప్రభుత్వం 12 వేలకు పైగా దారులు మావేనని దావాలు వేసింది. వాటిలో కొన్ని ఆవులు తోలిన బాటలు, కొన్ని వాగులు! మన దగ్గర బండ్లబాట తగాదా తరాల పాటు నడుస్తుంది చూడండి, అచ్చం అదే. దారి ఉందని తేలితే ఆ నేలకు వైల్డర్‌నెస్ రక్షణ దక్కదు, అందుకే ఇవాళ సరదాగా వేసిన టైరు జాడను పర్యావరణం వాళ్లు అంత సీరియస్‌గా తీసుకుంటారు. 2014లో యూటాలోని రీక్యాప్చర్ లోయలో, పాత ఆదివాసీల కట్టడాలున్నాయని 2007లో బండ్లకు మూసేసిన చోట, ఫిల్ లైమన్ అనే కౌంటీ (మన జిల్లా లాంటిది) కమిషనరే జనాన్ని బండ్లతో వెంటేసుకుని ర్యాలీ తీశాడు. 10 రోజుల జైలు పడింది, 2020లో ట్రంప్ క్షమాభిక్ష పెట్టాడు.

పలమనేరు_రెడ్డి:
అన్నా, అందుకే కదా రాజీ మేలనేది. యూటాలోనే బేర్స్ ఇయర్స్ అనే ప్రాంతం చూడండి, ఒబామా 2016లో సంతకం పెట్టి 13.5 లక్షల ఎకరాలు కాపాడాడు, ఏడాదికే ట్రంప్ 85 శాతం కోసేశాడు, 2021లో బైడెన్ మళ్లీ కలిపాడు. ఒక మనిషి పెన్ను మీద ఆధారపడితే ఇంతే. అదే 2019లో కాంగ్రెస్ చేసిన చట్టంలో యూటాలోని ఎమరీ కౌంటీకి 6.6 లక్షల ఎకరాల వైల్డర్‌నెస్ వచ్చింది. దాన్ని సంతకంతో ఎవడూ తీసెయ్యలేడు.

కోర్టువీధి_చిత్తూరు:
నిజమే, కానీ అదే చట్టంలో కాలిఫోర్నియా ఎడారిలో 6 ఆఫ్‌రోడ్ మైదానాలను కూడా శాశ్వతం చేసేశారు. బేరంలో వదిలేసిన నేల కూడా శాశ్వతంగానే పోతుంది. ఎంత వచ్చిందని కాదు, వదిలేసిన ముక్కలో ఏముందని ఎవరైనా నడిచి చూశారా అన్నది అడగాలి. నా మటుకు, చూడకుండా పంచితే అది రాజీ కాదు.

గుట్టమీది_గాలి:
నీ రైడ్ సంగతి తమ్ముడూ. అటు శేషాచలం అడవి, శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్క్ 1989 నుంచీ ఉంది. అనుమతి లేకుండా బండి దింపితే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది. అడవి బయట ఉండే గుట్టల్లో కూడా నక్షత్ర తాబేళ్లు తిరుగుతాయి, వానలు పడ్డాక మరీ ఎక్కువ.

థార్_తిరుపతి:
తాబేలు విషయం తెలియదన్నా. కానీ మాలాంటోళ్లకు కూడా ఎక్కడో ఒకచోటు ఉండాలి కదా, అన్నీ మూసేస్తే ఎట్లా?

పలమనేరు_రెడ్డి:
మామిడి తోట తీసేసి బీడు పెట్టుకున్నోళ్లు చాలామంది ఉన్నారు బ్రో. రైతుకు బాడుగ ఇచ్చి అందులో ట్రాక్ వేసుకోండి. మా వైపు ఒకాయన ఉన్నాడు, మెసేజ్ పెట్టు.