బోయర్లని స్వాతంత్ర్య యోధులు అనొచ్చా?

గోదారిగట్టు:
బోయర్లు అంటే దక్షిణాఫ్రికాలో స్థిరపడ్డ డచ్చి మూలాలున్న రైతులు. 1877లో బ్రిటిష్ వాళ్ళు బోయర్ల రాజ్యమైన ట్రాన్స్‌వాల్‌ని కలిపేసుకుంటే 1881లో మజుబా కొండ మీద వాళ్ళని చిత్తుగా ఓడించి వెనక్కి తెచ్చుకున్నారు, 1886లో బంగారం బయటపడేసరికి దొరల కన్ను మళ్ళీ అటు పడింది, 1899లో పెద్ద యుద్ధమే వచ్చింది. సొంత నేల కోసం తుపాకీ పట్టినోళ్ళని యోధులు అనకపోతే ఇంకేమంటారు?

పాతబస్తీ పాఠకుడు:
సొంత నేల ఎప్పుడైంది అన్నా? అంతకుముందు అక్కడున్న ఆఫ్రికన్ల దగ్గర లాక్కున్నదే కదా. 1830ల్లో బోయర్లు బ్రిటిష్ వాళ్ళ కేప్ కాలనీ వదిలి లోపలికి బండ్లు కట్టుకుని పోవడానికి ఉన్న కారణాల్లో బానిసత్వం రద్దు కూడా ఒకటి. ట్రాన్స్‌వాల్‌లో నల్లవాళ్ళకి ఓటు లేదు, 1885 చట్టంతో అక్కడున్న మన భారతీయులకి పౌరసత్వమే లేకుండా చేశారు.

ఉత్తరాంధ్ర పిల్ల:
అది నిజమే గానీ బోయర్ ఆడవాళ్ళని మర్చిపోకండి. బోయర్ల గెరిల్లా యుద్ధాన్ని ఆపలేక బ్రిటిష్ సేనాపతి కిచెనర్ వేల పొలాలు, ఇళ్ళు తగలబెట్టించి వాళ్ళని పిల్లలతో సహా క్యాంపుల్లో కుక్కాడు. 1901లో బ్రిటిష్ సంఘసేవకురాలు ఎమిలీ హాబ్‌హౌస్ బ్లూంఫోంటేన్ క్యాంపుకి వెళ్తే సబ్బు లేదు, చాలినన్ని నీళ్ళు లేవు, గుడారాల నిండా జబ్బు పిల్లలు. మొత్తం 26,000 మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది పిల్లలే. నాకైతే చదువుతుంటే కడుపు తరుక్కుపోయింది. ఇంకోటి, ఆ యుద్ధంలోనే స్పియన్ కోప్ అనే కొండ దగ్గర బ్రిటిష్ క్షతగాత్రుల్ని మోసిన గాంధీ దళంలో నేటాల్ అనే బ్రిటిష్ కాలనీలోని భారతీయ ఒప్పంద కూలీలు వందల్లో ఉన్నారు, మన కోస్తా నుంచి కూడా వేలమంది నేటాల్‌కి కూలికి వెళ్ళినోళ్ళే. అంత చేసీ నా మనసు బోయర్ల వైపే ఉండేదని గాంధీ తర్వాత రాసుకున్నాడు.

పాతబస్తీ పాఠకుడు:
నల్లవాళ్ళకి వేరే క్యాంపులు పెట్టారమ్మా, అక్కడ లెక్కకెక్కిన చావులే 14,000 పైన. వాళ్ళ పేరు ఎవరూ ఎత్తరు, నా బాధంతా అదే. 1902 మే 31న సంధి రాసుకున్నప్పుడు నల్లవాళ్ళ ఓటు సంగతి స్వపరిపాలన వచ్చాక చూద్దాం అని రెండు పక్షాలూ కలిసే పక్కన పెట్టేశాయి. సంతకం పెట్టిన బోయర్ జనరల్ బోథానే 1910లో దక్షిణాఫ్రికా ప్రధాని, 1913లో ఆయన ప్రభుత్వమే నల్లవాళ్ళకి దేశంలో దాదాపు 7 శాతం భూమి మాత్రమే మిగిల్చే చట్టం తెచ్చింది.

గోదారిగట్టు:
నల్లవాళ్ళకి పార్లమెంటులో సీటే లేని ఆ యూనియన్ చట్టం, అంటే బోయర్ల ప్రాంతాల్నీ బ్రిటిష్ కాలనీల్నీ ఒకే దేశంగా కలిపిన చట్టం, 1909లో పాస్ చేసింది లండన్ కదా. తప్పంతా బోయర్ల మీదకే నెడితే నేను ఒప్పుకోను.

పాతబస్తీ పాఠకుడు:
లండన్‌ని నేనూ వదలట్లేదన్నా. బోయర్లు సామ్రాజ్యాన్ని ఎదిరించారు, ప్రాణాలకు తెగించే పోరాడారు, కాదనను. కానీ స్వాతంత్ర్య యోధుడు అనే మాట నేను వాళ్ళకి ఇవ్వను, పక్కోడి స్వాతంత్ర్యం నొక్కిపెట్టడానికి కూడా అదే తుపాకీ వాడారు కాబట్టి.