అప్‌డేట్: మా స్టూడెంట్ ఫిల్మ్ ఓపెనింగ్ ఎడిటింగ్ పూర్తయింది
కోర్సు కోసం తీస్తున్న 2 నిమిషాల థ్రిల్లర్ ఓపెనింగ్‌లో టెన్షన్ ఎలా తేవాలని ఇంతకుముందు అడిగాను కదా, ఎడిటింగ్ అయిపోయింది. సౌండ్ మీద దృష్టి పెట్టమన్నవాళ్లకు నిజంగా థ్యాంక్స్. షూట్ చేసిన గదిలోనే అందరం కదలకుండా నిలబడి కాసేపు ఖాళీ నిశ్శబ్దాన్ని రికార్డ్ చేశాం, డైలాగుల మధ్య అది పరిచాక సౌండ్‌లో అతుకులు అసలు తెలియడం లేదు, ఇక తలుపు చప్పుడేమో షాట్ మారడానికి కాస్త ముందే వినిపించేలా పెట్టాం, భయమంతా అక్కడే పుట్టింది. కెమెరా 180 డిగ్రీల గీత (రెండు పాత్రలను కలుపుతూ ఊహించుకునే గీత) దాటలేదు కాబట్టి ఎవరు ఎవరిని చూస్తున్నారో స్పష్టంగా ఉంది. టైటిల్స్ కోసం ఫ్రేములో ముందే ఖాళీ వదలడం కూడా బాగా పనికొచ్చింది (ఇది షూట్‌కి ముందే ఆలోచించాలి). హంతకుడి ముఖం చూపించాలా వద్దా అని టీమ్‌లో చాలా వాదన జరిగింది, చివరికి చేతులే చూపించాం, నాకైతే అదే సరైనదనిపిస్తోంది. ఇక కలర్ గ్రేడింగ్ (షాట్ల రంగులు సరిచేయడం) మిగిలింది.