ఆర్కిటిక్ మంచు కింద ఉన్న బ్రెడాల్‌బేన్ ఓడను చూడాలి: హైదరాబాద్ నుంచి ప్లాన్ ఎలా?

మియాపూర్_ఈతగాడు:
అందరికీ నమస్తే. వచ్చే ఏప్రిల్‌లో నలుగురం కెనడా ఆర్కిటిక్‌కి వెళ్దామనుకుంటున్నాం. బీచీ ద్వీపం దగ్గర మంచు కింద ఉన్న బ్రెడాల్‌బేన్ ఓడను చూడాలని కోరిక. అందరికీ స్కూబా డైవింగ్‌లో అడ్వాన్స్‌డ్ ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ ఉంది కానీ డైవ్‌లన్నీ అండమాన్‌లో, కర్ణాటక తీరంలోని నేత్రాణిలో చేసినవే. చల్లనీళ్లు అలవాటు లేదు. మంచుకు కన్నం చేసి దిగొచ్చా? ఒంటికి నీళ్లు తగలనివ్వని డ్రైసూట్ వాడకం ఇక్కడే నేర్చుకోవచ్చా?

లోతు_లెక్క:
దిగడం కుదరదండీ. మిగతా ప్లానంతా దీని మీదే ఆధారపడుతుంది కాబట్టి ముందే చెప్పేస్తున్నా. ఓడ సుమారు 100 మీటర్ల లోతులో ఉంది. మీ సర్టిఫికెట్ 30 మీటర్లకు.

లెక్క వేసి చూడండి. 12 లీటర్ల సిలిండర్లు రెండు, 200 బార్‌కి (ఒక బార్ అంటే దాదాపు నేల మీది గాలి పీడనం) నింపితే 4800 లీటర్ల గాలి. పైన నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి 100 మీటర్ల దగ్గర పీడనం 11 రెట్లు కాబట్టి గాలీ 11 రెట్లు, అంటే 220 లీటర్లు కావాలి. నెత్తి మీద మంచు ఉన్నప్పుడు గాలిని మూడు వంతులు చేసుకోవాలి: పోవడానికి ఒకటి, రావడానికి ఒకటి, ఆపదకు ఒకటి. ఒక వంతు 1600 లీటర్లు. అది ఆ లోతులో ఏడు నిమిషాలు వస్తుంది. పైగా అక్కడ మామూలు గాలిలోని ఆక్సిజన్ పాక్షిక పీడనం 2.3 బార్ అవుతుంది. 1.4 దగ్గర ఆగాలి, 1.6 దాటనే కూడదు. దాటితే నీళ్లలోనే ఫిట్స్ రావచ్చు. హీలియం కలిపిన ట్రైమిక్స్‌తో దిగినా, పైకి వచ్చేటప్పుడు మైనస్ 1.8 డిగ్రీల నీళ్లలో డీకంప్రెషన్ కోసం, అంటే ఒంట్లో కరిగిన వాయువు మెల్లగా బయటికి పోయేదాకా, చాలాసేపు వేలాడాలి. 1983లో ఆ ఓడ దగ్గరికి మనిషి దిగింది వాస్ప్ అనే గట్టి కవచంలో. దాని లోపల పీడనం నేల మీద ఉన్నంతే ఉంటుంది.

మీ కోరిక మాత్రం సరైనదే. 1845లో ఎరెబస్, టెర్రర్ అనే నౌకల్లో ఆర్కిటిక్‌కి బయల్దేరి తప్పిపోయిన బ్రిటిష్ నావికుడు ఫ్రాంక్లిన్ బృందాన్ని వెతుకుతున్న నౌకలకు సరుకులు మోసుకొచ్చిన ఓడ ఇది. 1853 ఆగస్టు 21న మంచు రెండు వైపులా నొక్కేస్తే పావుగంటలో మునిగింది. 21 మంది సిబ్బంది మంచు మీదికి దూకి ప్రాణాలు దక్కించుకున్నారు. 1980లో కెనడా డైవర్ జో మెకిన్నిస్ బృందం సైడ్‌స్కాన్ సోనార్‌తో (ధ్వని తరంగాలతో సముద్రపు అడుగును చూసే పరికరం) దీన్ని కనిపెట్టేనాటికి మూడు తెరచాప స్తంభాల్లో రెండు ఇంకా నిలబడే ఉన్నాయి. చెక్కను తొలిచే ఓడపురుగు అంత చల్లని నీళ్లలో బతకదు, అందుకే. ఇంత చక్కగా మిగిలిన చెక్క ఓడలు అరుదు. కెమెరాతో చూసినా తృప్తి కలుగుతుంది.

కేబుల్_చుట్ట:
కెమెరా అంటే ఆర్‌ఓవీ, పైనుంచి కేబుల్‌తో నడిపే చిన్న నీటి రోబో. దాని సంగతి నేను రాస్తాను. ఏప్రిల్, మే నెలలే మంచివి. ఒడ్డుకు అతుక్కున్న మంచు అప్పటికి ఒకటిన్నర నుంచి రెండు మీటర్ల మందం ఉంటుంది, వెలుతురూ ఉంటుంది. విమానం దిగే రెజల్యూట్ అనే ఊరి నుంచి బీచీ సుమారు 100 కిలోమీటర్లు. స్నోమొబైల్‌కి కొమాటిక్ అనే చెక్క బండి కట్టి సామాన్లు లాగుతారు. స్థానిక ఇన్యుయిట్ గైడ్ లేకుండా బయల్దేరకండి. మంచులో పగుళ్లు ఎక్కడుంటాయో వాళ్లకు తెలుసు. ధ్రువపు ఎలుగుబంట్లు తిరిగే చోటు కాబట్టి రాత్రి వంతులవారీ కాపలా కూడా తప్పదు.

లోతు 100 మీటర్లు కదా అని 100 మీటర్ల కేబుల్ తీసుకుంటే చాలదు. ప్రవాహం కేబుల్‌ను విల్లులా వంచుతుంది, 200 మీటర్లు పెట్టుకోండి. భూమి అయస్కాంత క్షేత్రం అక్కడ దాదాపు నిలువుగా ఉంటుంది కాబట్టి దిక్సూచిని నమ్మలేం. ఆర్‌ఓవీలో ఉన్న కంపాస్‌కీ అదే గతి. అందుకని ముందు కన్నంలోంచి స్కానింగ్ సోనార్ దింపి, ఓడ ఏ వైపు ఎంత దూరంలో ఉందో చూసుకుని, తర్వాతే ఆర్‌ఓవీని వదలాలి. స్తంభాల దగ్గర జాగ్రత్త. కేబుల్ చుట్టుకుంటే ఆర్‌ఓవీ పోతుంది, ఓడకూ దెబ్బ తగులుతుంది. వచ్చిన దారినే వెనక్కి తేవాలి, చుట్టూ తిప్పకూడదు.

ఆర్‌ఓవీ ఎక్కువగా పాడయ్యేది పైకి తీసిన నిమిషంలోనే. మైనస్ 25లో తడి ప్రొపెల్లర్ క్షణాల్లో గడ్డకడుతుంది. తెలియక మోటార్ తిప్పితే కాలిపోతుంది. కన్నం మీద టెంటు వేసి హీటర్ పెట్టండి, ఆర్‌ఓవీని టెంటు దాటించకండి. హీటర్ ఉన్న టెంటుకు గాలి ఆడే దారి, కార్బన్ మోనాక్సైడ్ అలారం రెండూ ఉండాలి.

మియాపూర్_ఈతగాడు:
చాలా థాంక్స్ అన్నా. మరి ఫ్రాంక్లిన్ నౌకలు ఎరెబస్ 11 మీటర్లు, టెర్రర్ 24 మీటర్ల లోతులోనే ఉన్నాయంటున్నారు కదా, వాటికి దిగొచ్చా? లేదంటే మంచు కింద ఒక్క డైవ్ అయినా చేయాలని ఉంది.

తాడు_చివర:
లోతు అంతే గానీ ఆ రెండూ రక్షిత స్థలాలు. పార్క్స్ కెనడా అనే ప్రభుత్వ సంస్థ అనుమతి లేనిదే ఆ హద్దుల్లోకే వెళ్లకూడదు. మీరు రెండు కోరికలను విడదీయండి. మంచు కింద డైవ్‌కి రష్యాలో తెల్ల సముద్రం ఒడ్డున నీల్మోగుబా ఉంది, మార్చి, ఏప్రిల్‌లో నేర్పిస్తారు. మునిగిన ఓడకి నార్వేలో నార్విక్ ప్రాంతం. 1940 ఏప్రిల్ 13 యుద్ధంలో దెబ్బతిన్న జర్మన్ యుద్ధనౌక గెయోర్గ్ థీలె అక్కడి రోంబాక్స్ ఫ్యోర్డ్‌లో (కొండల మధ్య సన్నని సముద్రపాయ) ఉంది. ఆర్కిటిక్ వలయానికి ఉత్తరానే అయినా వెచ్చని సముద్ర ప్రవాహం వల్ల అక్కడ పెద్ద ఫ్యోర్డ్‌లు గడ్డకట్టవు, మీ స్థాయికి అందుతుంది.

మంచు డైవ్‌లో కన్నం త్రికోణంగా కోస్తారు, ఒక్కో వైపు సుమారు రెండు మీటర్లు. మూలలో రెండు మోచేతులూ ఆనించి పైకి లేవడం తేలిక. చుట్టూ ఉన్న మంచుపొడిని గీతలుగా తోసేస్తే వెలుతురు లోపలికి దిగి, కింది నుంచి కన్నం ఎటో కనిపిస్తుంది. ప్రతి డైవర్‌కీ ఒంటికి తాడు, ఆ తాడు పట్టుకునే మనిషి పైన. సైగలు దిగకముందే ఖరారు చేసుకోవాలి. సూట్ వేసుకుని సిద్ధంగా కూర్చునే రక్షక డైవర్ తాడు మీ తాడుకంటే పొడవు ఉండాలి. తాడు ఊడిపోతే వెతుక్కుంటూ ఈదకండి. పైకి వచ్చి మంచుకు ఆని నిటారుగా ఆగిపోండి. రక్షకుడు మిమ్మల్ని దాటి దూరం వెళ్లి వలయంగా ఈదుతాడు, అతని తాడు వచ్చి మీకు తగులుతుంది.

ఇక రెగ్యులేటర్, అంటే సిలిండర్ గాలి పీడనాన్ని తగ్గించి నోటికి అందించే పరికరం. సిలిండర్ దగ్గర ఉండేది ఫస్ట్ స్టేజ్, నోట్లో పెట్టుకునేది సెకండ్ స్టేజ్. 200 బార్ గాలి ఒక్కసారిగా వ్యాకోచిస్తే ఫస్ట్ స్టేజ్ సున్నాకంటే బాగా కిందికి చల్లబడుతుంది, మీ ఊపిరిలోని తేమ సెకండ్ స్టేజ్‌లో గడ్డకడుతుంది, గాలి ఆగకుండా పోతూనే ఉంటుంది. కాబట్టి గట్టు మీద దాంతో ఊపిరి పీల్చకండి, నోరు నీళ్లలో మునిగాకే మొదలుపెట్టండి. సూట్‌లోకి గాలి ఒక్కో క్షణం చొప్పున, కొంచెం కొంచెంగా. వేర్వేరు వాల్వ్‌ల మీద రెండు ఫస్ట్ స్టేజ్‌లు ఉంటే, గడ్డకట్టినదాని వాల్వ్ మూసేసి రెండోదానితో వెనక్కి రావచ్చు. ఆ వాల్వ్ చేతికి అందుతుందా అని మందపాటి గ్లవ్స్‌తోనే ప్రాక్టీస్ చేయాలి.

గచ్చిబౌలి_గాలిబుడగ:
డ్రైసూట్ మొదటి పాఠాలు ఇక్కడి స్విమ్మింగ్ పూల్‌లో కుదురుతాయి. సూట్ సంపాదించుకోవడమే కష్టం. లోపల పల్చటి బట్టలే వేసుకోండి, లేకపోతే వేడికి కళ్లు తిరుగుతాయి. తెల్లవారుజామున పెట్టుకోండి. ముఖ్యంగా నేర్చుకోవాల్సింది ఒకటి: గాలి కాళ్లలోకి ఎక్కి తలకిందులైతే, మోకాళ్లు ముడుచుకుని దొర్లి నిటారుగా అయి, భుజం మీది వాల్వ్‌లోంచి గాలి వదలడం. అది కళ్లు మూసుకున్నా వచ్చేదాకా చేయండి. అయితే పూల్‌లో నేర్చుకున్నది మంచుకు సరిపోదు. ముందు మంచు లేని చల్లటి నీళ్లలో పది డైవ్‌లైనా చేసుకుని వెళ్లండి. ఆ లెక్కన నార్విక్ ముందు, నీల్మోగుబా తర్వాత.

కెనడా కూడా ఖాయమైతే వీసాకి ఇప్పుడే బయోమెట్రిక్స్ ఇచ్చేయండి. దారి ఒట్టావా, ఇకాలుయిట్, రెజల్యూట్. వాతావరణానికి విమానాలు ఆగిపోతాయి కాబట్టి రెండు వైపులా మూడేసి రోజులు వదిలిపెట్టుకోండి. బ్యాటరీలు చేతిసంచిలోనే. 100 వాట్ అవర్ దాకా అడగరు, 160 దాకా ఎయిర్‌లైన్ అనుమతి కావాలి, అంతకు మించినవి ప్రయాణికుల సామానులో రానివ్వరు. ఆర్‌ఓవీ బ్యాటరీ సాధారణంగా మించుతుంది, అందుకే అక్కడే అద్దెకు మాట్లాడుకోవడం మేలు. బూట్లు, పార్కా (టోపీ ఉన్న మందపాటి కోటు) కూడా అంతే, మైనస్ 30కి సరిపోయేవి ఇక్కడ దొరకడం కష్టం. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ఎయిర్ అంబులెన్స్ ఖర్చు ఉందా, మంచు డైవింగ్‌ని మినహాయించారా అని పాలసీ కాగితంలో చదివి చూసుకోండి, ఏజెంట్ నోటిమాట సరిపోదు.